నల్లా గదిలో దీపం

కాంక్రీటు తట్ట నెత్తిన పెట్టుకుని పుణ్యవతి మెట్లెక్కుతోంది. ఈస్టరు ముందరి శ్రమకాలంలో శుక్రవారం, ఉపవాసం కాబట్టి పొద్దుటి నుంచి మంచినీళ్లే. తట్టలోంచి కారిన సిమెంటు నీళ్లు చెంప మీద ఎండి అట్టకట్టాయి. మణికొండ ప్రార్థనామందిరంలో పాస్టరు గోడకు కట్టిన గుడ్డపటం ఆమె కళ్లముందే ఆడుతోంది. అందులో ఇరుకు దారి పైకి, పరలోకానికి పోతుంది, వెడల్పు దారి మంటల్లోకి. వెడల్పు దారి మీద కల్లు దుకాణముంది, సినిమా హాలుంది. నల్లా నీళ్లొచ్చే గది మాత్రం ఏ దారిలోనూ లేదు. ఆమె తిప్పలన్నీ అక్కడే.

హైటెక్ సిటీ పక్కన లేస్తున్న ఈ ఆఫీసు కింద కొత్త గదిని సూపర్వైజరు రామ్మోహనరావు నిన్ననే చూపించాడు. నున్నటి గచ్చు, బల్బు, నల్లా.

"కాపలాకి నువ్వూ, మీ ఆయనా ఇక్కడే ఉండిపోవచ్చమ్మా. పొద్దున్నే ఈ గోడనున్న అమ్మవారి పటానికి దీపం పెట్టాలి, అంతే. రేపు సాయంత్రానికి చెప్పు," అని తాళంచెవి ఇచ్చాడు.

బాప్తిస్మం తీసుకున్నాక పుణ్యవతి బొట్టు పెట్టలేదు, ప్రసాదం ముట్టలేదు. కానీ రేకుల గుడిసెలో, ఆ చెమ్మలో, మొగుడు లింగయ్య తెల్లవార్లూ దగ్గుతున్నాడు. గది చూపించింది సైతానా, దేవుడా? పాస్టరు ప్రార్థన చెయ్యమన్నాడు. చేసింది. సిగ్గులేని చెవుల్లో నల్లా చప్పుడే మోగింది.

మధ్యాహ్నం గుడిసెలో లింగయ్య నవ్వాడు.

"నువ్వు దీపం ముట్టియ్యకు. నేను ముట్టిస్త. నేనేం నీళ్లల్ల మునగలే గద."

"పాపం నీ మీద పడ్తది."

"అమ్మవారు నాకు ఎప్పటి దేవతనే. జర తాళంచెవి ఇయ్యి, సూసొస్త."

ఇచ్చింది. ఎందుకిచ్చిందో ఆమెకే తెలియలేదు. తను చెయ్యని పని మొగుడి చేత చేయిస్తే అది ఇరుకు దారా, దొంగదారా?

పొద్దుగూకే వేళకు సూపర్వైజరుకి గది వద్దని చెప్పేద్దామనుకుంది. మెట్లు దిగేలోగా మనసు మళ్లీ మారింది. గుడిసెకు పోతే లింగయ్య లేడు. కొత్త గది తలుపు తీసి ఉంది. గోడకానుకుని కూర్చుని ఉన్నాడు, కళ్లు మూసుకుని. భుజం తట్టింది. ఒళ్లు చల్లబడిపోయింది. పటం ముందు దీపం వెలుగుతోంది.

ఆమె ఏడుపు విని తోటి కూలీలు వచ్చి అతన్ని మోసుకెళ్లారు. వెనకే కదిలిన పుణ్యవతి గుమ్మంలో ఆగి, దీపం ఆర్పడానికి వెనక్కి వచ్చి వంగింది. ఊదలేకపోయింది. లింగయ్య చేతులు చివరిసారి చేసిన పని ఆ దీపం ముట్టించడమే.

"ఏసయ్యా, ఇప్పుడేం చెయ్యాలె," అంది.

నూనె పొయ్యలేదు, ఆర్పనూ లేదు. గాలి తగలకుండా తలుపు దగ్గరగా వేసి, వాళ్ల వెంట నడిచింది.

లోపల, దీపం పక్కన, లింగయ్య అగ్గిపెట్టె సగం తెరిచే ఉంది.