రెండో బ్రేకు

అదిగో, కాలు మళ్ళీ అక్కడికే పోయింది, పోతున్నానని ఒక్క ముక్కైనా చెప్పకుండా పోయింది, ఆ సైకిలువాడు అడ్డం వచ్చేలా ఉన్నాడే అని మాస్టారు అనుకునేలోపే తన వైపున్న రెండో బ్రేకు మీద వాలింది, కారు బుద్ధిగా ఆగింది, స్టీరింగు పట్టుకున్న టైలరమ్మ చూశారా మాస్టారూ ఎంత మెత్తగా ఆపానో అని మురిసిపోతోంది, బాగా ఆపావమ్మా అన్నాడాయన, అనేశాక నాలుక కరుచుకున్నాడు, డ్రైవింగు స్కూలు కారుకు నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకుంటుందని ఆవిడకు తెలుసు, తెలుసు గానీ తొక్కిందెవరో తెలీదు, ఆవిడది ఏళ్ళ తరబడి కుట్టుమిషను తొక్కిన కాలు కదా, తొక్కడమే తప్ప ఎత్తడం రాదు, మొదటి రోజు గేరు వేయగానే ఎదురుగా ఉన్న గోడకు కారును జేబులా కుట్టేయబోయింది, ఆ రోజు ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు, ఇవాళ ఆఖరి క్లాసు, లైసెన్సు కూడా వచ్చేసింది, పరీక్ష పెట్టిన మహానుభావుడు ఖాళీ మైదానంలో తిన్నగా పోనిచ్చి సరే దిగమన్నాడట, రేపు పొద్దున ఆవిడ భర్తను పక్కన కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్తుంది, కిడ్నీలు పాడైన మనిషి, రోజు విడిచి రోజు రక్తం శుభ్రం చేయించుకోవాలి, రానూపోనూ వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలలేక చచ్చాను మాస్టారూ, ఇక ఆ బాధ తీరింది, మీరు నేర్పాక నాకేం భయం, అంటూ కారు కదిలించింది.

నాకేం భయం, సరిగ్గా ఈ మాటే అనేవాడు నిదానం, అది వాడి పేరు కాదు, తోటి కుర్రాళ్ళు తగిలించింది, ఏది చెప్పినా వాడికి కాస్త ఆలస్యంగా ఎక్కేది, అప్పట్లో మాస్టారు వైమానిక దళంలో కుర్రాళ్ళకు విమానం నడపడం నేర్పేవాడు, శిక్షణ విమానంలో సీట్లు రెండు, విమానాన్ని ఎత్తీ దించే కర్రలూ రెండు, ఒకటి కదిలిస్తే రెండోదీ కదులుతుంది, ముందు సీట్లో వాడు, వెనక సీట్లో తను, కర్రకు తగిలీ తగలకుండా రెండు వేళ్ళు, నేల దగ్గరపడే వేళకు విమానం ముక్కు పైకెత్తాలి, అది వాడికెప్పుడూ ఆలస్యమే, అలాంటివాళ్ళను పెద్దాఫీసరు పెట్టె సర్దించి ఇంటికి పంపేస్తున్నాడు, పాపం వీణ్ణెలా పంపుతాం, వెన్నపూస లాంటి కుర్రాడు, అందుకని ఆ రెండు వేళ్ళతో కర్రను కాస్త వెనక్కి లాగేవాడు మాస్టారు, చక్రాలు నేలను ముద్దాడినట్టు తాకేవి, వాడు టోపీ తీసి వెనక్కి తిరిగి అడిగేవాడు, సార్, ఇప్పుడు దించింది నేనేనా, నువ్వేరా, ఇంకెవరు, దయ్యమా, వాడు నవ్వేవాడు, అమ్మా, స్టీరింగు కొంచెం ఎడమకి, ఎడమకి, ఆ, అంతే.

ఒంటరిగా ఎగరడానికి వాడు తయారేనని చెప్పిందీ తనే, రన్‌వే పక్కన గడ్డిలో నిలబడి చూసిందీ తనే, చెయ్యి ప్యాంటు జేబులో ఉంది, విమానం దిగుతోంది, ఎత్తరా, ముక్కెత్తు, ఎత్తు, జేబులో రెండు వేళ్ళు గుడ్డను పట్టుకుని వెనక్కి లాగాయి, లాగుతూనే ఉన్నాయి, ముందు చక్రం విరిగింది, విమానం తలకిందులైంది, ఆ తర్వాత పొగ, విచారణలో ముగ్గురు ఆఫీసర్లు అడ్డగాలి కొట్టిందని తేల్చారు, నీతో ఎలా దించేవాడయ్యా అని అడిగితే బాగానే దించేవాడు సార్ అన్నాడు మాస్టారు, ఛీ, ఎంత సులువుగా వచ్చిందా మాట, వాడి తల్లి వచ్చి ఈ చేతినే, ఈ రెండు వేళ్ళనే పట్టుకుని ఏడ్చింది, మా వాడికి మీరంటే ప్రాణం బాబూ అంది, ఆ ఉద్యోగం వదిలేసి ఇన్నేళ్ళైనా అన్నం కలిపేటప్పుడు ఆ వేళ్ళను చూడలేడు, ఇప్పుడేమో వాటి పని కాలు నేర్చుకుంది, సిగ్గు లేని కాలు.

నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రదీపం పడింది, ముందు బస్సు, బస్సు వెనక అద్దంలో స్కూలు పిల్లలు, ఆవిడ ఆపడం లేదు, ఆపడం లేదు, కాలు వాలిపోయింది, కారు ఆగింది, ఈసారి టైలరమ్మ మురిసిపోలేదు, వంగి తన చెప్పు వంక చూసుకుంది, అది ఇంకా బ్రేకు దాకా పోనేలేదు, మాస్టారూ, ఇప్పుడు ఆపింది నేనేనా, అంది.

నువ్వేనమ్మా అన్న మాట నోటి చివరిదాకా వచ్చేసింది, దాన్ని మింగేశాడు, కాదమ్మా, నేను, అన్నాడు, ఇందాక సైకిలు దగ్గర, అదీ నేనే, నిన్న బడి దగ్గర, అదీ నేనే, ఆవిడ స్టీరింగు మీంచి చేతులు తీసేసింది, రేపు మా ఆయన్ని ఎక్కించుకునేదాన్ని కదండీ, ఇద్దరం పోయేవాళ్ళం, మరి ఇన్నాళ్ళూ చెప్పరేం, అంది, రేపు నేను తీసుకెళ్తానమ్మా, నీకు వచ్చేదాకా ప్రతిసారీ నేనే తీసుకెళ్తాను, ఎల్లుండి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడదాం, అన్నాడు మాస్టారు, పచ్చదీపం వచ్చింది, వెనక హారన్లు మోగుతున్నాయి, ఆవిడ తన చెప్పు వంకే చూస్తోంది, ఆపింది తను కాదని ఆ కాలికి తెలిసింది, తెలిసే అడిగింది, అయ్యో, నిదానమూ అంతే, మెప్పు కోసం అడుగుతున్నాడనుకున్నాడు మాస్టారు ఇన్నేళ్ళూ, కాదు, పిడికిట్లో కర్ర తనంతట తాను కదలడం వాడి చేతికి తెలిసింది, తెలిసే ప్రతిసారీ వెనక్కి తిరిగి అడిగాడు, వాడి చెయ్యి వాడికి నిజమే చెప్పింది, వాడు తన చేతిని కాదని మాస్టారి మాట నమ్మాడు.