ఆలస్యంగా మొలిచిన చుక్కలు

"ఈస్టుకీ మనిషికీ పోలికేంటమ్మా, విడ్డూరం కాకపోతే!" అంది మా అత్తగారు, నేను రొట్టెల పిండిలో పులవడానికి ఈస్టు వేసి కలుపుతుంటే.

"ఉందత్తయ్యా, వంద కోట్ల ఏళ్ళ కిందటి చుట్టరికం."

"అయితే మీ పుట్టింటి వైపే అయ్యుంటుంది" అని కిసుక్కున నవ్వింది. ఆవిడతో నాకు పేచీ లేదు. మా ఆయనతోనూ పెద్దగా లేదు. మంచివాడు, మాట మెత్తన. ఆయన తిన్న కంచం మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా సింకు దాకా వెళ్ళలేదు, నేను తీసుకెళ్తే తప్ప.

నా ఉద్యోగం చెప్పడం తేలికే. ఒకే పని చేసే ప్రోటీన్ మనిషిలో ఎలా ఉందో, ఎలుకలో, ఈగలో, ఈస్టులో ఎలా ఉందో ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తాను. చాలా చోట్ల అది మారిపోయి ఉంటుంది. కొన్ని ముక్కలు మాత్రం ఎవరిలోనూ చెక్కుచెదరవు. అవి కనబడ్డప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అయితే పోలిక కంటికి కనబడితే చాలదు, పనిలో తేలాలి. అందుకని ఏ జన్యువు లేకపోతే ఈస్టు చచ్చిపోతుందో దాన్ని తీసేసి, ఆ చోట అదే ప్రోటీన్‌ని తయారుచేసే మనిషి జన్యువు పెట్టాను. బతికితే గాజు పళ్ళెంలో తెల్లటి చుక్కలు మొలుస్తాయి.

మొలవలేదు. "ఇంక లాభం లేదు, పారేయండి" అన్నారు మా ప్రొఫెసర్. నాకు చేతులు రాలేదు. సెలవు గడిచాక వెళ్ళి చూస్తే, ఆవగింజలో సగమంత చుక్కలు! ఏ జన్యువూ పెట్టని పక్క పళ్ళెం బోసిగానే ఉంది. అంటే మనిషి జన్యువు, ఇల్లరికం వచ్చిన అల్లుడిలా బెరుకుబెరుకుగా, ఈస్టు ఇంట్లో పని అందుకుందన్నమాట. గదిలో ఎవరూ లేరు కాబట్టి గంతులేశాను.

ఆ సంగతి తెలిసి ఇంకో ఊళ్ళోని పెద్ద ల్యాబ్ వాళ్ళు కబురు చేశారు. తమ దగ్గర ఈగ జన్యువులూ ఎలుక జన్యువులూ సిద్ధంగా ఉన్నాయట, ఈ ఈస్టుతో వచ్చి నెల రోజులు పని చేయమన్నారు. ప్రొఫెసర్ నన్ను అడగనైనా లేదు. మీటింగులో నా ఎదురుగానే నా పక్క బల్ల అతనితో "నువ్వెళ్ళిరా. ఆవిడకి ఇల్లుంది కదా" అన్నారు. అతనికీ ఇల్లుంది. భార్య, ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారు. ఆ సంగతి గదిలో ఎవరికీ గుర్తు రాలేదు, అతనితో సహా. నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను వెళ్ళేదీ లేనిదీ రాత్రికి నేనే ఫోన్ చేసి చెప్తాను సార్" అన్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెప్పాను. "వెళ్ళు, నేనొద్దంటానా? కానీ ఇల్లెలా?" అన్నాడు మా ఆయన, నేను పిండి మీద మూత పెడుతుంటే. ఆ 'కానీ' నాకు పాత పరిచయం. పైచదువులకు వెళ్తానన్నప్పుడూ విన్నాను, ఈ ఉద్యోగంలో చేరేటప్పుడూ విన్నాను.

"వాడికి స్టవ్ వెలిగించడం కూడా రాదమ్మా, వెర్రిబాగులవాడు" అంది అత్తగారు. "వాళ్ళ నాన్నా అంతే, తాతా అంతే."

తరతరాలుగా చెక్కుచెదరలేదన్నమాట! నాకు నవ్వొచ్చింది. చెక్కుచెదరనిదల్లా లేకపోతే గడవనిదే అయ్యుంటుందని మా ల్యాబులోనూ అనుకుంటాం. కానీ తీసి చూసేదాకా నమ్మం.

"ఈ పూట కూర మీరు చేయండి" అన్నాను మా ఆయనతో.

ఉల్లిపాయలు తరగడానికే అరగంట పట్టింది. ఒక్కో ముక్కదీ ఒక్కో సైజు. నూనె పొగలొస్తుంటే దాన్నే చూస్తూ నిలబడ్డాడు. "ఇలా ఇవ్వరా, చెయ్యి కాల్చుకుంటావ్" అంటూ అత్తగారు లేచింది. నా చెయ్యి కూడా దానంతటదే గరిటె వైపు వెళ్ళింది. ఎప్పుడూ ఇక్కడే గరిటె అందుకుంటాం మేము. చుక్కలు మొలవకముందే పళ్ళెం పారేసి, ఆయనకు చేతకాదని ఊరంతా చెప్పుకుంటాం. నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"ఆగండత్తయ్యా. కాస్త ఆలస్యమవుతుంది, అంతే."

కూర అయింది. కొంచెం అడుగంటింది, ఉప్పు ఎక్కువైంది. ముగ్గురం కూర్చుని తిన్నాం. అత్తగారు రొట్టె ముక్క నములుతూ కొడుకును కొత్తగా చూసినట్టు చూసింది. తర్వాత మెల్లగా అంది: "మీ నాన్న చేత కూడా చేయించాల్సిందిరా."

మా ఆయన కంచం బల్ల మీదే వదిలేసి లేచాడు. నేను తీయలేదు. హాయిగా కుర్చీలో వెనక్కి వాలి ప్రొఫెసర్‌కి ఫోన్ చేశాను.

"నేనే వెళ్తున్నాను సార్."

"మరి మీ ఇల్లమ్మా?"

వంటింట్లో మా ఆయన చేతిలోంచి ఏదో కింద పడిన చప్పుడైంది. నేను లేవలేదు.

"బతుకుతుంది సార్. కాస్త నెమ్మదిగా."