ఆయ్, డ్యూటీలోనే ఉన్నారండి

మా ఆయన బుల్లబ్బాయి నోట్లోంచి 'అండి' లేకుండా మాట ఊడిపడదు. దారికి అడ్డంగా నిలబడ్డ గేదెను కూడా "కాస్త జరగండి" అంటాడు. ఎవరేమడిగినా ముందు "ఆయ్" అనేసి, తర్వాత ఆలోచిస్తాడు. మండపేట రైసుమిల్లులో బస్తాలు మోసే మనిషికి అంత మర్యాద దేనికని నేను దెప్పుతూనే ఉంటాను. చివరికి ఆ మర్యాదే మా కొంప ముంచింది.

మిల్లులో మోటారు కనబడటం లేదని ఎస్సై గణేష్‌బాబు ఈయన్ని స్టేషనుకు తీసుకుపోయాడు. సాయంత్రానికల్లా మోటారు వైండింగు షాపులో దొరికింది. ఓనరుగారబ్బాయే రిపేరుకు పంపించి, ఇంట్లో చెప్పడం మరిచిపోయాడట! ఆపాటికే దెబ్బలకు మా ఆయన ఎడమ చెవి పోయింది. "సర్లే, ఇంటికి పో" అన్నారు తప్ప, నువ్వు దొంగవి కాదని ఒక్కరూ అనలేదు. వీధిలో ఈయనకు 'మోటారు బుల్లబ్బాయి' అనే పేరు మిగిలింది. దెబ్బల కన్నా ఆ పేరే ఆయన్ని ఎక్కువగా తినేసింది. ఆ ఎస్సైని కోర్టులో నిలబెట్టి జవాబు చెప్పిస్తే తప్ప అది పోదని నాకనిపించింది.

కేసు వేశాం. వేశామే గానీ, ఇంట్లో నేను "వాడు కొట్టాడు" అంటే చాలు, ఈయన గుమ్మం వైపు బెదురుగా చూసి, "కొట్టారు అనవే" అని దిద్దేవాడు. కొట్టినవాడికీ మర్యాదే!

కోర్టులో ఎస్సై తరఫు ప్లీడరు మాటకు తేనె పూసి అడిగాడు.

"ఏమండీ బుల్లబ్బాయిగారూ, ఆ టైముకి ఎస్సైగారు డ్యూటీలోనే ఉన్నారు కదండీ?"

పుట్టి బుద్ధెరిగాక మా ఆయన్ని 'గారు' అన్న మొదటి మనిషి ఆ ప్లీడరే. ఈయన ఉబ్బిపోయి, "ఆయ్, డ్యూటీలోనే ఉన్నారండి" అన్నాడు.

అంతే, అయిపోయింది. డ్యూటీలో చేసిన పనికి పోలీసు మీద కేసు నడవాలంటే ముందు ప్రభుత్వం అనుమతి ఇవ్వాలట. అడిగాం. ఇవ్వలేదు. కేసు కొట్టేశారు.

"ఈయన్ని కొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఎందుకు కొట్టారని అడగడానికి మాత్రం కావాలాండీ?" అని మా ప్లీడరు వినీలగారి మీద విరుచుకుపడ్డాను. నా నోరు అంతే, మంచీ చెడూ చూడదు.

ఆవిడ ఏమీ అనుకోలేదు. "మీవారు అన్న ఆ మాట పట్టుకునే హైకోర్టుకి వెళ్దాం, రామతులసిగారూ" అన్నారు.

చదువు ఎక్కువై ఈవిడకు మతి పోయిందనుకున్నాను. చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒక వానాకాలం మధ్యాహ్నం మేం వంటింట్లో ఉండగా ఆవిడ ఫోను వచ్చింది. ఈయన కుడి చెవి దగ్గర పెట్టి, స్పీకరు ఆన్ చేశాను.

"డ్యూటీలో ఉండటం వేరు, డ్యూటీ చెయ్యడం వేరు అని హైకోర్టువారు అన్నారండి. లాకప్పులో మనిషిని కొట్టడం ఏ ఎస్సైకీ డ్యూటీ కాదట. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదట. కేసు నడపమన్నారు."

ఎంత మొత్తుకున్నా మా ఊళ్ళో ఎవరి చెవికీ ఎక్కని ముక్కను, మా మొహాలైనా ఎరగని పెద్దమనుషులు ఎక్కడో అమరావతిలో కూర్చుని చెప్పారు. గుళ్ళో తెర తీసి హారతిచ్చేటప్పుడు ఒళ్ళంతా పాకే వణుకు నాకు ఆ వంటింట్లో పుట్టింది. ఈయన మాత్రం, "అయితే ఎస్సైగారు వత్తారంటావా?" అని అడిగాడు.

రాడని ఊరంతా అంది. ఆ స్థాయి మనుషులు కోర్టు మెట్లెక్కుతారా అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ నమ్మకం లేదు.

వచ్చాడు. యూనిఫాం లేదు, గళ్ళచొక్కా వేసుకున్నాడు. వరండాలో అతన్ని చూడగానే మా ఆయన అలవాటుగా లేచి రెండు చేతులూ ఎత్తబోయాడు. నేను మోచెయ్యి పట్టి కిందికి లాగాను.

కోర్టు బంట్రోతు గుమ్మంలో నిలబడి పిలుస్తున్నాడు. ముందు కోడిపందేల కేసులో ఒకణ్ణి పిలిచాడు. తర్వాత చెక్కు కేసులో ఒక మిల్లు ఓనరుని పిలిచాడు. ఆ తర్వాత అదే గొంతుతో పిలిచాడు.

"గణేష్‌బాబూ! గణేష్‌బాబూ! గణేష్‌బాబూ!"

ముందు ఎస్సై లేదు, వెనక గారు లేదు. వరండాలో ఉన్న కానిస్టేబుళ్ళు నేల చూపులు చూశారు. ఆ పేరును ఉత్త పేరుగా పలికిన గొంతు మా పేటలో నేనెన్నడూ వినలేదు. పిలిచినవాడికి ఏమీ కాలేదు. పైకప్పు కూలలేదు. బక్కపల్చని ఆ బంట్రోతు చెవి గోక్కుంటూ తర్వాతి కాగితం తీశాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

లోపలికెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాం. గణేష్‌బాబు బోనులో నిలబడ్డాడు. మేజిస్ట్రేటుగారు తలెత్తకుండానే, "వచ్చారా?" అని అడిగారు.

అతను రెండు చేతులూ ముందుకు కట్టుకుని కాస్త వంగాడు.

"ఆయ్, వచ్చానండి."

అచ్చం మా ఆయన అన్నట్టే అన్నాడు. ఆ వంగడమూ అదే. నా పక్కన కూర్చున్న మనిషికి అది వినపడలేదు, ఎడమ చెవి అటువైపుంది. నా కొంగు పట్టి లాగాడు.

"ఏవన్నారే?"

నేను కుడి చెవి దగ్గరికి వంగాను. "ఆయ్, వచ్చానండి అన్నాడు."

దిద్దుతాడని చూశాను. ఆయన బోను వైపు మెడ చాచి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అన్నాడా?" అన్నాడు.