సున్నా పడ్డ పాచిక

మూడు వారాల క్రితమే తన వీరుడు హత్యకు గురయ్యాడని కళ్లద్దాల షాపాయనకు ఆ ఆదివారం మధ్యాహ్నం ఫోన్ తెరవగానే తెలిసింది. తొమ్మిదేళ్లుగా పెంచుకున్న వీరుడు. రెండు గుహలు, ఒక రాక్షసి, లెక్కలేనన్ని కత్తిపోట్లు దాటి వచ్చినవాడు. ఇప్పుడు తెర మీద బూడిదరంగు బొమ్మ.

ఈ కథల ఆటను నలుగురూ ఒకప్పుడు బైండింగ్ షాపు వెనక గదిలో, బల్ల చుట్టూ కూర్చుని ఆడేవారు. కథ నడిపేది బైండరు, అంటే షాపాయన భార్యకు అన్న. పాచికలు వేసేది మిగతా ముగ్గురు: షాపాయన, ఒక నర్సు, తాళాలు బాగుచేసే ఆయన. ఏడాది క్రితం ఆట యాప్‌లోకి మారింది. ఎవరి సోఫా వారిది. పైగా 'నా బదులు ఆడు' అని ఒక బటన్. అది నొక్కితే యాప్ మన తరఫున పాచిక వేస్తుంది, దెబ్బ తగిలితే మన తరఫున 'అబ్బా' అంటుంది.

సంగతి విని భార్య నవ్వింది. "నాకు జ్వరమొస్తే మూడో రోజుకి చూశారు. వాడికి మూడు వారాలు పట్టింది. పోనీలెండి, నేనే నయం."

ఒక్కటే ఆశ. పాచికలో మోసం జరిగితే చావు చెల్లదు. షాపాయన దర్యాప్తు మొదలుపెట్టాడు. ఆ రోజు తాను కూరగాయలకు వెళ్తూ బటన్ నొక్కానని నర్సు చెప్పింది. తాళాలు బాగుచేసే ఆయన ఆర్నెల్లుగా బటన్ తియ్యనే లేదట. తన మాంత్రికుడికి పెళ్లయిందని షాపాయన చెబితేనే తెలిసి, ఎవరితోనని అడిగాడు. నర్సు ఆడే విలుకత్తెతో. ఆవిడకూ తెలియదు.

వీరుడు చచ్చిన గంటలో తానూ బటన్ నొక్కి నిద్రపోతున్న సంగతి మాత్రం షాపాయన ఎవరికీ చెప్పలేదు.

పాత ఆటల జాబితా తిరగేస్తే వీరుడి చావు పక్కన పాచిక అంకె కనిపించింది. సున్నా. ఇరవై ముఖాల పాచికలో ఒకటి నుంచి ఇరవై దాకానే ఉంటాయి. యంత్రం సున్నా వెయ్యదు. పాచిక బల్ల కింద పడితే సున్నా రాసుకోవడం ఆ వెనక గది కట్టుబాటు. రాసే చెయ్యి ఒక్కటే, కథ నడిపేవాడిది.

గంటలో ముగ్గురూ అక్కడ ఉన్నారు. బైండరు ఒక పుస్తకం వీపుకి జిగురు రాస్తున్నాడు. షాపాయన ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"ఈ సున్నా ఎక్కడిది బావా?"

బైండరు జిగురు కుంచె పక్కన పెట్టాడు.

"నేనే చంపాను బావా. పాచికా లేదు, గీచికా లేదు. అంకె చేత్తో కొట్టాను, అలవాటు కొద్దీ సున్నా పడింది. ముందు నీ గుర్రాన్ని చంపి చూశాను, ఎవరూ కిక్కురుమనలేదు. వీళ్లిద్దరికీ పెళ్లి చేశాను, ఒక్కరూ రాలేదు. ఏడాదిగా ప్రతి ఆదివారం రాక్షసి గొంతు పెట్టి నేను అరుస్తుంటే, నాకు జవాబిచ్చినవి మూడు బటన్లు. వీరుణ్ణి చంపితే నువ్వైనా పోట్లాటకి వస్తావనుకున్నా. మూడు వారాలు తలుపు గడియ కూడా వెయ్యలేదు. చేసింది మోసమే, చావు చెల్లదు. ఇప్పుడే బతికిస్తాను. కాకపోతే వాడి కథ ఎక్కడ ఆగిందో నువ్వు చెప్పాలి, నీకు తెలిస్తే."