సింధు గట్టుకు కొల్లేట్లో గండి

ఉదయశ్రీకి అత్తగారి మీద ఉన్న ఫిర్యాదు కోడళ్లందరికీ ఉండే రకం కాదు. సూర్యకాంతం గారు కూరలో ఉప్పు ఎంచరు. కోడలి పుట్టింటి మాట ఎత్తరు. పొద్దున్నే కాఫీ ఆలస్యమైతే తనే కలుపుకుని కోడలికీ ఓ గ్లాసు పోస్తారు. చిక్కంతా కథలతోనే. డెబ్బై నాలుగేళ్లొచ్చినా ఒక్క పుస్తకం తెరిచిన పాపాన పోలేదు గానీ, కోడలు చదివి చెప్పిన కథ ఏ దేశానిదైనా సరే మర్నాటికల్లా మన జిల్లాలోకి దించేస్తారు. ఎక్కడో మంచుదేశంలో పెళ్లానికి విషం పెట్టిన డాక్టరు ఆవిడ నోట్లో పడి జంగారెడ్డిగూడెం పొగాకు వ్యాపారి అయిపోయాడు. ఇదేం పనండీ అని అడిగితే, ఊరు తెలియని శవానికి ఎవరేడుస్తారే అమ్మాయ్ అంటారు.

ఆ అలవాటు వల్ల ఇన్నేళ్లూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. మొన్న మార్చిలో మాత్రం ఉదయశ్రీ భర్తకి రెండు పక్కటెముకలు విరిగి, మూడు పళ్లు ఊడాయి.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల గోడౌను మీది గదిలో నెలకోసారి కలిసే పాఠకుల సంఘం ఒకటుంది. అధ్యక్షుడు కార్తికేయ గారు, రిటైరైన లెక్చరర్. ఏలూరు నుంచి ఉదయశ్రీని పిలిచి, 'సమకాలీన పాకిస్తానీ రచయితలు – జాతీయ సాహిత్యానికి వారి సేవ' అన్న అంశం మీద మాట్లాడమన్నారు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివి ఇరవై రెండేళ్లుగా పప్పుకు తాలింపు పెడుతున్న మనిషి కాదంటుందా? ఉర్దూ, సింధీ, పంజాబీల నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన పుస్తకాలు తెప్పించుకుని, కుక్కరు కూతల మధ్య మూడు నెలలు చదివింది. సేవ అన్న మాట దగ్గరే ఆవిడకి నవ్వొచ్చింది. వీళ్లలో ఎవరూ దేశానికి దండ వేసిన పాపాన పోలేదు. మాయమైన కొడుకుల గురించి రాశారు, పరువు కోసం అన్న చేతిలో చచ్చిన చెల్లెళ్ల గురించి రాశారు, జమీందారు పొలంలో తరాలుగా గొడ్డుచాకిరీ చేసేవాళ్ల గురించి రాశారు. దేశం ఏది వినకూడదనుకుందో దాన్నే చెవిలో అరిచి చెప్పడం వాళ్ల సేవ అని ఆవిడ నోట్సులో రాసుకుని, కింద గీత కొట్టింది.

వాటిలో కరాచీలో ఉండే ఒక రచయిత్రి కథ ఆవిడని పట్టుకుంది. సింధులో ఒక సరస్సు. వరద వస్తుంది. పెద్ద భూస్వామి తన పొలాలు మునగకుండా అవతలి గట్టుకు గండి కొట్టిస్తాడు. ఆ గట్టు మీద కాపలావాడు ఉన్నాడని తెలిసి కూడా పారవాడు పార వేస్తాడు. శవం దొరికాక భూస్వామే పాడె మోస్తాడు, తాగి పడిపోయాడు పాపం అని ఊరంతా చెబుతాడు. ఉదయశ్రీ దాన్ని తెలుగు చేసింది. ఏడుసార్లు తిరగరాసి అత్తగారికి వినిపించింది.

ఆ శనివారమే ద్వారకా తిరుమలలో బంధువుల పిల్లాడి పుట్టువెంట్రుకలు. సత్రంలో భోజనాల దగ్గర, మా కోడలు చెప్పిన కథంటూ, సూర్యకాంతం గారు సింధును కొల్లేట్లో కలిపేశారు. పార తీసేసి పొక్లెయిన్ పెట్టారు, పొలాలు తీసేసి చేపల చెరువులు తవ్వారు. పేర్లు మాత్రం చెప్పలేదు, ఆ మర్యాద ఆవిడకుంది. పప్పన్నం కలుపుకుంటున్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పక్క వరసలో ఎవరో తినడం ఆపి లేచి వెళ్లిపోయారన్నది ఆవిడ గమనించలేదు.

నాలుగో రోజు నలుగురు మనుషులు ఉదయశ్రీ భర్త అమరేశ్వరరావు ఎరువుల షాపుకు వచ్చారు. అమ్మకానికి పెట్టిన పార కాడలతోనే ఆయన్ని కొట్టారు. పురుగుమందు సీసాలు బద్దలై ఆ కంపులో ఆయన పడి ఉంటే, ఒకడు గుండె మీద కాలేసి, అబ్రహాం సంగతి మీ ఆవిడకి ఎవడు చెప్పాడని అడిగాడు. ఆయనకి తెలిసిన అబ్రహాం లింకన్ ఒక్కడే. ఆ మాటే అన్నాడు. వేళాకోళమనుకుని పళ్లు రాలగొట్టారు.

అబ్రహాం ఎవరో ఆసుపత్రిలో తెలిసింది. కొల్లేటి ఒడ్డున పట్టాభిరామయ్య గారికి రెండు వందల ఎకరాల చేపల చెరువులు. ఊరూరా గుడులకు ఆర్చీలు కట్టించిన పెద్దమనిషి. కిందటేడు వరదలో ఆయన చెరువు నిలబడింది, అవతలి చిన్న చెరువు గట్టు తెగింది, దాని కాపలాదారు అబ్రహాం కొట్టుకుపోయాడు. తాగి గట్టు మీద నుంచి జారాడన్నారు. పాడె పట్టాభిరామయ్య గారే మోశారు.

కరాచీలో ఎవరో ఊహించి రాసిన ప్రతి సంగతీ ఇక్కడ, ముప్ఫై కిలోమీటర్లలో, జరిగి కూర్చుంది.

అమరేశ్వరరావు మంచం మీద నుంచే, చప్పిడి నోటితో పట్టాభిరామయ్య గారికి ఫోన్ చేశాడు. అది మన కథ కాదండీ, పాకిస్తాన్ కథండీ, పుస్తకం కూడా ఉందండీ అని విన్నవించుకున్నాడు. అటునుంచి ఆయన ఎంతో నెమ్మదిగా, అలాగా బాబూ, పాకిస్తానా, ముందే చెప్పొద్దా అన్నారు. మర్నాడు తెల్లారేసరికి గేటు ముందు మోటారు సైకిల్ కాలి బొగ్గయి ఉంది. గోడ మీద ఎర్ర రంగుతో 'పాకిస్తాన్ పో' అని రాసి ఉంది. హాల్లోకి వచ్చిన రాయి టీవీని పగలగొట్టి, అక్కడితో ఆగక సూర్యకాంతం గారి మోకాలి చిప్పను తాకింది.

పోలీసు అధికారి మర్యాదస్తుడు. మంచినీళ్లు ఇప్పించాడు. మనకు కథలు లేవా అమ్మా, ఎందుకమ్మా పాకిస్తానూ అని బాధపడ్డాడు. కథ తనదంటే పెద్దమనిషి మీద నింద, వాళ్లదంటే దేశద్రోహం. మధ్యలో నిలబడ్డానికి జానెడు గట్టు కూడా లేదని ఉదయశ్రీకి అర్థమైంది. మీటింగు మానేస్తానని ఆ సాయంత్రం భర్తకి మాటిచ్చింది. నిజంగానే మానేద్దామనుకుంది.

రెండు రోజుల తర్వాత హన్నమ్మ వచ్చింది. అబ్రహాం భార్య. గుండుగొలనులో చెల్లెలి పంచన ఉంటోంది. బస్సు దిగి ఎండలో నడిచొచ్చింది, కుర్చీ వేస్తే కూర్చోకుండా గుమ్మానికి ఆనుకుంది.

"ఎవరు చెప్పారండీ అమ్మగారూ మీకు?"

ఎవరూ చెప్పలేదని ఉదయశ్రీ అన్నది. పుస్తకం తెచ్చి చూపించింది. హన్నమ్మ ముఖంలో ఏదో ఆరిపోయింది. చూసినవాళ్లు ఎవరో ఉన్నారనుకుని వచ్చిందట. ఆయన చర్చిలో పెద్ద, చుక్క ముట్టేవాడు కాదు. ఇప్పుడు పిల్లల్ని బడిలో తాగుబోతు కొడుకులంటున్నారు. పాస్టరు గారు సమాధి దగ్గర తాగుడు మీదే ప్రసంగం చెప్పారు. ఆమెకి కేసు వద్దు, ఇంకేమీ వద్దు. ఆయన తాగి చావలేదని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నలుగురిలో అంటే చాలు.

పుస్తకం మీద వేలు పెట్టింది.

"ఈవిడ ఇది రాస్తే ఆళ్ల దేశంలో ఊరుకున్నారాండీ?"

"ఊరుకోలేదు. ఉద్యోగం తీసేశారు, ఇంటి మీద పడ్డారు."

"మరి మళ్లీ రాసిందాండీ?"

"ఇంకో రెండు పుస్తకాలు రాసింది."

హన్నమ్మ తల ఊపింది. మానేసిన తాడేపల్లిగూడెం మీటింగు సంగతి ఉదయశ్రీ చెప్పింది. గూడెంలో మీరు చదివితే నేనొచ్చి కూర్చుంటానండీ అని చెప్పి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఆ రాత్రి భర్తకిచ్చిన మాట ఉదయశ్రీ వెనక్కి తీసుకుంది. ఆయన అరవబోయాడు గానీ పక్కటెముకలు ఒప్పుకోలేదు. సూర్యకాంతం గారు మోకాలికి గుడ్డ కట్టుకుంటూ, నేనూ వస్తానమ్మాయ్, దించినదాన్ని నేనేగా అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి గదిలో పద్నాలుగు మంది ఉన్నారు. కింద ఉల్లి ఘాటుకి ఎవరు ఏం చదివినా అక్కడ కళ్లు చెమరుస్తాయి, అందుకే కవులకు ఆ గది ఇష్టం. హన్నమ్మ చివరి వరసలో నేల మీద కూర్చుంది. సూర్యకాంతం గారు ముందు వరసలో కాలు చాపుకున్నారు. ఉదయశ్రీ దేశాల గురించీ రచయితల గురించీ పది నిమిషాలు మాట్లాడి, కథ చదవడం మొదలుపెట్టింది. రెండు పేజీలు అయ్యాయో లేదో మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

ఐదుగురు వచ్చారు. ముందున్నవాడు బండలాంటి మనిషి. "ఈడే వీర్రాజు, పట్టాభిరామయ్య ఆసామి పొక్లెయిన్ డ్రైవరు" అని హన్నమ్మ పక్కావిడతో అనడం ఉదయశ్రీకి వినిపించింది. ఒక కుర్రాడు ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. పాకిస్తాన్ భజన చేసేవాళ్లకి ఇదీ పూజ అని వ్యాఖ్యానం చెబుతున్నాడు. ఆగండి బాబూ అని లేచిన కార్తికేయ గారి నెత్తి మీద ఒకడు బస్తాలు లాగే ఇనప కొక్కెంతో కొట్టాడు. ఆయన కళ్లజోడు మీదుగా రక్తం కారి తెల్లచొక్కా తడిసింది. కుర్చీలు గాల్లోకి లేచాయి. ఎవరిదో ముంజేయి విరిగిన చప్పుడు ఎండుకర్ర విరిగినట్టు వినిపించింది. తలుపు దగ్గర తొక్కిసలాటలో ఒక ముసలాయన మెట్ల మీద దొర్లుకుంటూ గోడౌనులోకి పోయాడు.

వీర్రాజు ఉదయశ్రీ చేతిలో కాగితాలు లాక్కుని అడ్డంగా చింపాడు. ఆవిడ కుడిచేతిని బల్ల మీద పెట్టి, కుర్చీ కోడుతో రెండు దెబ్బలు వేశాడు. వేళ్లు నలిగాయి. నొప్పి భుజం దాకా ఎక్కి, చూపు మసకబారింది. ఇంక చదువుతావా అన్నాడు.

చదవడానికి కాగితాలు లేవు. ఏడుసార్లు రాసిన చేయి నలిగింది గానీ మాటలు నోట్లోనే ఉన్నాయి. ఉదయశ్రీ ఎడమచేత్తో బల్ల పట్టుకుని, ఆపిన చోటు నుంచి అందుకుంది.

"పారవాడు గట్టెక్కేసరికి కాపలావాడు అక్కడే ఉన్నాడు. మోకాళ్ల మీద పడ్డాడు. చేతులు జోడించాడు. నా పిల్లల ముఖం చూసి ఆగమని ఏడ్చాడు."

వీర్రాజు ఆవిడ చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి నోట్లో ఉప్పగా తగిలింది.

"పారవాడి కాళ్లు పట్టుకుని ఏడ్చాడు."

మళ్లీ కొట్టాడు. సూర్యకాంతం గారు చేతికర్ర ఎత్తి వాడి వీపు మీద ఒక్కటి వేశారు. వాడు వెనక్కి తిరిగి చూడకుండానే ఆవిడను తోసేశాడు. ఆవిడ గోడకు కొట్టుకుని జారిపోయారు. జారుతూ కూడా, చెప్పమ్మాయ్, ఆపకు అన్నారు.

"ఏడుస్తూ—"

"ఏడవలేదు."

అన్నది వీర్రాజు. కోడు ఇంకా చేతిలోనే ఉంది.

"తప్పుగా రాశారు. ఆడు ఏడవలేదు." "నన్ను చూసి నవ్వాడు. తువ్వాలు ఊపాడు. మట్టేసి గట్టు నిలబెట్టడానికి వచ్చాననుకున్నాడు. రారా వీర్రాజూ, నీకోసమే చూస్తన్నాను, ఇటేపు మెత్తగా ఉంది, అటేపు నుంచి రా అని దారి కూడా చూపించాడు."

వెంట వచ్చినవాళ్లలో ఒకడు వాడి చొక్కా పట్టి లాగాడు, పదరా అన్నాడు. వాడు కదల్లేదు. ఫోన్ పట్టుకున్న కుర్రాడికి దాన్ని దింపాలన్న ఆలోచన కూడా రాలేదు.

హన్నమ్మ విరిగిన కుర్చీల మధ్య నుంచి నడిచొచ్చి వాడి ఎదురుగా నిలబడింది. వాడి భుజం దాకా కూడా రాదు. వాడు కోడు ఎత్తాడు. ఉదయశ్రీ కళ్లు మూసుకుంది. దెబ్బ చప్పుడు రాలేదు. కళ్లు తెరిచేసరికి కోడు నేల మీద పడి ఉంది.

"తాగున్నాడా ఆయన?" హన్నమ్మ అడిగింది. గట్టిగా అడగలేదు. వంటింట్లో ఏదో వస్తువు ఎక్కడుందని అడిగినట్టు అడిగింది.

"లేదక్కా. తాగింది నేను. అయ్యగారు సీసా ఇచ్చి పంపారు."

"నలుగురికీ వినపడేట్టు చెప్పు."

వీర్రాజు గది చుట్టూ చూశాడు. రక్తం కారుతున్న కార్తికేయ గారిని, గోడవార కూలబడ్డ ముసలావిడను, ఉదయశ్రీ చేతిని, మెట్ల మీద గుమిగూడి పైకి చూస్తున్న హమాలీలను చూశాడు. ముఖం చేత్తో తుడుచుకున్నాడు.

"అబ్రహాం తాగలేదు. గండి కొట్టమన్నది ఆసామి, పొక్లెయిన్ బకెట్ దింపింది నేను. ఆడు అక్కడున్నాడని చూశాకే దింపాను. నేను చేసింది తప్పు, అక్కా. తప్పు నాది."