షమ్సా అవ్వ కూజాకు పడ్డ చిల్లు

ఒమన్‌లోని బహ్లాలో మా అర్బాబ్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, హమూద్ ఇంట్లో ఒక గది నిండా పాత యుద్ధపు సామానే. అరవై ఏళ్లకు పైబడిన మాట, అన్నదమ్ములే రెండు పక్షాలై ఊరికి దగ్గర్లోని కొండ మీద కొట్టుకున్నారట. తుప్పు పట్టిన తుపాకులు, తూటాల గొట్టాలు అక్కడి నుంచి అర్బాబ్ ఏరుకొచ్చి పెట్టాడు. ఆ గదికి ప్లాస్టరింగ్ చేసే డ్యూటీ నాది. ఇక్కడ లేబర్‌నే గానీ, నిర్మల్ దగ్గర మా ఇంట్లో తరతరాలుగా కంచరి పని.

ఆ రోజు మ్యూజియంలో ప్రదర్శనకు వస్తువులు ఎంచుకోవడానికి మస్కట్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. అర్బాబ్ తల్లి షమ్సా తన ఇత్తడి కాఫీ కూజా తెచ్చి ముందు పెట్టింది. పదిహేనేళ్ల పిల్లగా కొండ మీద పోరాడేవాళ్లకు కాఫీ మోస్తుంటే దానికి తూటా తగిలిందట. చిల్లు మీద చిన్న మాటు ఉంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. అరిగి చిల్లు పడితే మాటు వేయించి ఉంటారన్నాడు. ఆమె మరిది కొడుకు సాలిం పకపకా నవ్వాడు, చిన్నప్పటి నుంచీ ఇదే కథ అంటూ. ముసలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ ఆమెను అబద్ధాలకోరును చేశారన్నమాట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఫజల్ భాయ్, అది తూటా దెబ్బనే. మాటు తీసి చూపిస్తనని చెప్పు."

డ్రైవర్ ఫజల్ హైదరాబాదీ, అరబ్బీ వచ్చు; అప్పటిదాకా వాళ్ల మాటలన్నీ నాకు చెప్పింది అతనే. "నీకెందుకు భయ్ ఈ లొల్లి? కాదని తేలితే అర్బాబ్ నిన్ను ఇంటికి తోల్తడు."

"తోల్తె తోలనియ్యి. కంచరోని ముందట ఇత్తడి ముచ్చట్లా?"

పాపం, భయపడుతూనే చెప్పాడు. అర్బాబ్ తల్లి వైపు చూశాడు. ఆమె కూజా తెచ్చి నా చేతిలో పెట్టింది.

ముందు చిల్లుకు ఎదురువైపు చూపించాను. "కిందవడితే సొట్ట లోపలికి పోతది. ఇది బయటికి ఉబ్బింది. లోపలికెళ్లి ఏదో గుద్దింది." తర్వాత ఆ ఇంట్లోనే పని చేస్తున్న ప్లంబర్ దగ్గర గ్యాస్ టార్చి అడిగి తెచ్చి, మాటుకు మంట పట్టాను. మాటు ఊడింది. నీళ్లు పోసి చల్లార్చాను.

"సాలింను వేలు వెట్టమను."

నవ్వుతూనే చిటికెన వేలు పెట్టాడు. సులువుగా పోయింది. తీయబోతే రాలేదు! అంచంతా లోపలికి వంగి, పళ్లలా పట్టేసింది. అరిగిన చిల్లుకు పళ్లెక్కడివి? మస్కట్ ఆయన భూతద్దం పెట్టి చూశాడు, లేచి ముసలమ్మ ముందు తల వంచాడు. సాలిం వేలు ఇంకా కూజాలోనే ఉంది. గది దద్దరిల్లేలా నవ్వాం.

నూనె రాసి వేలు తీసి, మళ్లీ మాటు వేద్దామని కూజా అందుకున్నాను. షమ్సా అవ్వ నా మణికట్టు పట్టుకుని ఏదో అంది. ఫజల్ నా వైపు తిరిగాడు.

"వద్దంటున్నది భయ్. ఇగ దాన్ని మూయొద్దంట. అందరు చూడాలెనంట."