కసితో కట్టిన ఇంజిను

పళ్ళ డాక్టరు పసుపు కారు కొండ రేసులో సగం ఎత్తు కూడా ఎక్కకుండానే ఆగిపోయింది. గ్యారేజీకి లాక్కొచ్చి ఇంజిను పైభాగం విప్పితే, మూడో పిస్టన్ నడినెత్తిన వేలు దూరేంత కన్నం. డాక్టరు ఆ కన్నంలోకి తొంగి చూశాడు. చుట్టూ ఆయన రేసు మిత్రులు, టైర్ల కొట్టాయన, పక్క షెడ్డు పెయింటరు. గ్యారేజీ యజమాని గొంతు సవరించుకుని, "స్పార్కు టైమింగ్ పెట్టింది మా ఆవిడండీ. నేను ఒకసారి చూసుకోవాల్సింది. నమ్మి వదిలేశాను, నాదే బుద్ధితక్కువ," అన్నాడు.

ఆ ఆవిడ అక్కడే ఉంది, చేతిలో స్పానరుతో.

పిస్టన్ పైకి వచ్చేటప్పుడు స్పార్కు సరిగ్గా ఏ క్షణాన పడాలో సరిచేశాక, బోల్టు బిగించి దాని మీద గోళ్ళరంగుతో ఒక గీత గీయడం ఆమె అలవాటు. తర్వాత ఎవరు కదిపినా గీత తెగిపోతుంది. ఆమె వెళ్ళి వంగి చూసింది. గీత తెగి ఉంది. రేసు ముందు రోజు ఇంకాస్త బలం రావాలని స్పార్కును మరీ ముందుకు జరిపింది ఎవరో ఆమెకు చెప్పనక్కర్లేదు. "డాక్టరుగారూ, ఒకసారి ఇది చూడండి," అని ఆమె అంటూ ఉండగానే భర్త పెట్రోలులో ముంచిన గుడ్డ అందుకుని, నూనె తుడుస్తున్నవాడిలా ఆ బోల్టును శుభ్రంగా తుడిచేశాడు. తుడుస్తూ ఆమె కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో భయం లేదు, సిగ్గు లేదు. ఏం చేస్తావో చేసుకో అన్నట్టుంది.

ఆమె స్పానరు బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని, బయటికి నడిచింది.

ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని అత్తగారింటికి వెళ్ళింది. అత్తగారు రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటుంది. ఒకప్పుడు డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషి. ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టడం నేర్పింది, కొడుకుతో సహా. కీళ్ళనొప్పులు వచ్చాక స్కూలు మూసేసింది. పెరటి షెడ్డులో స్కూలు బుల్లి కారు మాత్రం మిగిలింది. రంగు వెలిసిన ఎర్ర బండి. పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు పెడలు.

కోడలు చెప్పిందంతా ముసలావిడ మోకాలు రాసుకుంటూ విన్నది.

"వాడు అబద్ధం ఆడాడని నాకు రుజువులు చూపించాల్సిన పన్లేదమ్మాయ్. కన్నదాన్ని, నాకు తెలీదా వాడి సంగతి? ఇప్పుడు నీకేం కావాలి? వాణ్ణి పిలిచి క్షమాపణ చెప్పించనా?"

"వద్దత్తయ్యా. గది తలుపులేసుకుని చెప్పే క్షమాపణ నాకెందుకు? నలుగుర్లో నా పరువు తీశాడు. నలుగుర్లోనే వాడి తల దించాలి."

"ఎలా దించుతావ్?"

ఆమె కిటికీలోంచి షెడ్డు వైపు చూసింది. అత్తగారు ఆ చూపు వెంటే చూసి పకపకా నవ్వింది. "ఆ సబ్బుపెట్టెతోనా! వాడు రేసులో తోలే తెల్ల కారు ముందు అది ఏ మూలకే?"

"ఇవ్వనంటారా?"

"ఇవ్వనని ఎప్పుడన్నాను? తాళంచెవి చక్కెర డబ్బా వెనకుంది, తీస్కో."

మరుసటి వారం ఆమె పని కోసం ఇంకో గ్యారేజీకి వెళ్ళింది. అక్కడి మేస్త్రీ ఆమెను చూడగానే లోపలున్నవాళ్ళతో, "ఒరేయ్, పిస్టన్లు దాచుకోండ్రా, కన్నాలమ్మ వచ్చింది," అన్నాడు. లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. ఆ పేరు ఎవరి నోట పుట్టిందో అడక్కుండానే ఆమె వెనక్కి తిరిగింది. దారంతా పళ్ళు నూరుతూనే నడిచింది. ఇంటికొచ్చి, అన్నం తిన్నావా అని అత్తగారు అడుగుతున్నా వినిపించుకోకుండా, షెడ్డులోకి దూరి ఇంజిను విప్పడం మొదలుపెట్టింది.

వానాకాలమంతా అదే పని. బండిలో ఉన్నది పాతకాలపు ఏర్పాటు: స్పార్కుకు కరెంటిచ్చే ఒకే కాయిలు, ఆ కరెంటును నాలుగు స్పార్కు ప్లగ్గులకూ వంతులవారీగా పంచే గుండ్రటి మూత. వేగం పెరిగేకొద్దీ ఆ ఒక్క కాయిలుకూ ఊపిరి అందదు, స్పార్కు పలచబడుతుంది. ఆమె దాన్ని పీకేసి, ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిలు పెట్టింది. ఇంజిను ఎంతవరకు తిరిగిందో కనిపెట్టే సెన్సరును దాని ముందువైపు తిరిగే చక్రం దగ్గర బిగించింది. స్పార్కు ఎప్పుడు పడాలో లెక్కగట్టి చెప్పే చిన్న కంప్యూటరు పెట్టెను, నీళ్ళు తగలకుండా, సీటు కింద అమర్చింది. ఇంజిను కవాటాలను తెరిచి మూసే కొత్త కామ్‌షాఫ్టు వేసింది. పొగగొట్టాన్ని మార్చింది. గాలి లోపలికి వెళ్ళే దారుల్లోని గరుకంతా చేత్తో, ఎమెరీ కాగితంతో, అద్దంలా జారేదాకా రుద్దింది.

రుద్దుతున్నంతసేపూ పెదాలు కదులుతుండేవి. భర్తతో అనవలసిన మాటలు కూర్చుకుంటోంది. ఒకరోజు కూర్చిన మాటలు మర్నాటికి చప్పగా తోచేవి. ఇంకా పదునైనవి వెతికేది. బోల్టు బిగిస్తూ ఆ తలకాయ స్థానంలో ఎవరి తలకాయ ఊహించుకునేదో గాని, రెండుసార్లు బోల్టులు తెగిపోయాయి.

"కోపం స్పానరుకు ఎక్కించకే," అని అత్తగారు కేకేసింది. "బండి వాడిది కాదు, నాది!"

టైమింగ్ సరిచూడటం అన్నిటికన్నా కష్టమైన పని. స్పార్కు కాస్త ముందు పడితే బలం వస్తుంది. మరీ ముందు పడితే లోపల మంట పిస్టన్‌ను ఎదురుకొడుతుంది. అలా కొట్టినప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు సన్నటి చప్పుడొస్తుంది. పొగగొట్టం హోరులో అది మామూలు చెవికి అందదు. అందుకని ఒక రాగి గొట్టాన్ని ఇంజినుకు బిగించి, దాని చివర రబ్బరు పైపు తగిలించి, పైపు కొసను పక్క సీట్లో కూర్చున్న అత్తగారి చెవిలో పెట్టింది. ఇద్దరూ ఊరి బయట ఎత్తురోడ్డు మీద పొద్దుటిపూట బండి తిప్పేవారు. ముసలావిడ కళ్ళు మూసుకుని, గుండె చప్పుడు వినే డాక్టరులా తల వంచి వినేది.

"ఆఁ, రాళ్ళు ఆడాయి! ఇప్పుడే, ఇప్పుడే!"

ఆమె బండి ఆపి, లాప్‌టాపు ఒళ్ళో పెట్టుకుని, ఆ వేగం దగ్గర స్పార్కును వెంట్రుకవాసి వెనక్కి జరిపేది. మళ్ళీ ఎక్కేవారు. అలా ప్రతి వేగానికీ హద్దు వెతికి, ఆ హద్దుకు కాస్త ఇవతలే ఆగింది. చివరిగా, ఎవరు ఎంత తొక్కినా ఇంజిను ఒక వేగం దాటి తిరగకుండా ఆ పెట్టెలో కట్టడి రాసింది.

వానలు వెలిశాక కొండ రేసు వచ్చింది. కొండ రేసులో బండ్లు ఒక్కొక్కటిగా ఘాటురోడ్డు ఎక్కుతాయి. గడియారం పట్టి సమయం చూస్తారు. ప్రతివాళ్ళకీ రెండు విడతలు, అందులో మంచిది లెక్కలోకి వస్తుంది. ఒకే బండిని ఇద్దరు నడిపినా, ఒకరు బండి మార్చినా ఒప్పుకుంటారు. కొండ కింద మైదానంలో బండ్లన్నీ వరసగా నిలబడ్డాయి. ఎర్ర బండిని చూసి కొందరు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. భర్త మాత్రం తిన్నగా వచ్చి, "అమ్మా, స్కూలు మళ్ళీ తెరిచావా?" అని అడిగి, పెళ్ళాం వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

కాసేపటికి అతను తెల్ల కారు ఇంజిను వేడెక్కించడానికి గట్టిగా రేజ్ చేశాడు. ఆమె తల ఎత్తింది. ఇన్ని నెలలు ఆ ఒక్క చప్పుడు కోసమే చెవులు రిక్కించిన మనిషి. హోరు అడుగున గులకరాళ్ళు ఆడుతున్నాయి. మళ్ళీ అదే పని చేశాడు! బలం కోసం స్పార్కును హద్దు దాటించాడు. ఈసారి తన బండికే.

ఆమె లోపల ఎక్కడో తీయగా, చల్లగా అనిపించింది. పెదాలు వాటంతటవే విచ్చుకున్నాయి.

"ఎందుకే నవ్వుతున్నావ్?" అని అత్తగారు అడిగింది. వెంటనే ఆవిడకూ వినిపించింది. మొహంలో నెత్తురు ఇంకిపోయింది. "చెప్పమ్మాయ్, వెళ్ళి చెప్పు వాడికి."

"నేను చెప్పను."

"కొండ మీద పేలితే?"

"ఇంజిను పోతుంది, అంతే. మనిషికేం కాదు. మీరు చెప్పాలనుకుంటే చెప్పండత్తయ్యా, నేను అడ్డుపడను. నా నోటితో మాత్రం చెప్పను."

ముసలావిడ కుంటుకుంటూ వెళ్ళింది. ఆమె దూరంనుంచి చూస్తోంది. కొడుకు బానెట్టు మీద చెయ్యేసి తల్లి మాట విన్నాడు. తర్వాత అందరికీ వినపడేలా, "అదా పంపింది నిన్ను? నన్ను భయపెట్టి మెల్లగా పోయేలా చెయ్యాలనా? వెళ్ళమ్మా, వెళ్ళి నీడన కూర్చో," అన్నాడు. అత్తగారు తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. "చెప్పాను. ఇక నావల్ల కాదు," అని మాత్రం అంది.

తెల్ల కారు బయలుదేరింది. మొదటి రెండు మలుపుల దాకా దాని అరుపు కింది వరకు వినిపించింది. మూడో మలుపు దగ్గర ఠపీమని ఏదో విరిగిన చప్పుడు. తర్వాత నిశ్శబ్దం. చెట్ల మీదుగా నీలంరంగు పొగ లేచింది. రోడ్డంతా కారిన నూనె మీద రంపపు పొట్టు చల్లి, బండిని తాడు కట్టి దించేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అతను దెబ్బ తగలకుండా నడుచుకుంటూ దిగాడు. చుట్టూ చేరినవాళ్ళతో, "ఏం చేస్తాం, మన టైం బాలేదు. లేకపోతే ఇవాళ రికార్డు కొట్టేవాణ్ణి," అంటున్నాడు. వాళ్ళు పాపం పాపం అంటున్నారు. ఎవరో మంచినీళ్ళ సీసా ఇచ్చారు, ఎవరో భుజం తట్టారు.

ఆమె దూరంనుంచి అదంతా చూసింది. ఇదా తను ఇన్ని నెలలు ఎదురుచూసింది? అతను ఓడిపోలేదు. బండి చెడిపోయిన పెద్దమనిషై పోయాడు! సాయంత్రం తను ఎంత వేగంగా ఎక్కినా, తెల్ల కారు పాడవకపోతేనా అంటారు. 

తన మొదటి విడత ఆమె సరిగా నడపలేకపోయింది. మనసు బండి మీద లేదు. దిగి వచ్చాక బండి చల్లబడేదాకా దాని పక్కనే నిలబడి ఆలోచించింది. ఇన్నాళ్ళూ కూర్చుకున్న మాటలేవీ ఇప్పుడు పనికొచ్చేలా లేవు. తర్వాత తాళంచెవి తీసుకుని, జనం మధ్యలోంచి నడిచి, భర్త ఎదుట నిలబడింది.

"నీకింకో విడత మిగిలింది కదా. నా బండిలో ఎక్కు," అంది.

"ఏంటీ?"

"రికార్డు కొట్టేవాణ్ణన్నావుగా. కొట్టు. నువ్వు గొప్ప డ్రైవరువి. ఇంజిను కట్టింది కన్నాలమ్మ. కన్నం పడుతుందో లేదో అందరూ చూస్తారు."

పళ్ళ డాక్టరు కూడా అక్కడే ఉన్నాడు. ఎవరో, "ఎక్కవయ్యా, ఏముంది అందులో," అన్నారు. భర్త ఆమె మొహంలోకి చూశాడు. వద్దంటే భయపడ్డట్టు. ఎక్కితే... ఎక్కితే ఆ ఇంజినును అక్కడే నాశనం చెయ్యొచ్చు. ఆ ఆలోచన అతని కళ్ళలో మెరవడం ఆమెకు స్పష్టంగా కనిపించింది. ఆమెకు కావలసిందీ అదే.

"ఇలా తే," అని తాళంచెవి లాక్కున్నాడు.

గేరు మార్చకుండా, జాలి లేకుండా తొక్కాడు. కింద నిలబడ్డవాళ్ళకు బండి కేక వినిపిస్తూనే ఉంది. కేక ఆమె రాసిన కట్టడి దగ్గరికి వెళ్ళి, అక్కడ తడబడి, గేరు మారక తప్పక మళ్ళీ సాగింది. రాళ్ళ చప్పుడు లేదు. మొదటి మలుపు, రెండోది, మూడోది. అప్పుడు అతను విరగ్గొట్టడం మరిచిపోయాడు. బండి పరుగు అతన్ని పట్టేసింది. పై మలుపుల్లో అతను పగతో తొక్కడం లేదని, మనసుపెట్టి నడుపుతున్నాడని, ఆ చప్పుడును బట్టే ఆమె గుర్తుపట్టింది.

మైకులో సమయం చదివారు. రికార్డు కాదు. కాని తెల్ల కారులో అతను ఏనాడూ అంత త్వరగా కొండ ఎక్కలేదు. మైకాయన ఆ సంగతి కూడా చదివి, నమ్మలేనట్టు ఇంకోసారి చదివాడు.

ఈలోగా పళ్ళ డాక్టరు ఊరుకోలేదు. పక్కన పడి ఉన్న తెల్ల కారు దగ్గరికి వెళ్ళి, టైర్ల కొట్టాయన చేత ప్లగ్గులు విప్పించాడు. ఒకదాని కొస కరిగి, దానికి కరిగిన పిస్టన్ తాలూకు తెల్లటి లోహపు పొక్కులు అంటుకుని ఉన్నాయి. దాన్ని గుడ్డలో పట్టుకుని, దిగివచ్చిన భర్త ముందు నిలబడ్డాడు.

"నా బండి ప్లగ్గు కూడా అచ్చం ఇలాగే ఉందయ్యా. దీనికి టైమింగ్ ఎవరు పెట్టారు? మీ ఆవిడ ఇల్లు వదిలి నెలలైంది కదా."

టైర్ల కొట్టాయన, పెయింటరు, ఇందాక భర్తను ఓదార్చినవాళ్ళు అందరూ చూస్తున్నారు. అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ మొహం తిప్పుకోలేదు, సాయానికీ రాలేదు. 

"నేనే," అన్నాడు చివరికి.

"నా బండికి?"

"దానికీ నేనే మార్చాను, డాక్టరుగారూ. చివర్లో. తనకు తెలీదు."

"గట్టిగా చెప్పు. వెనకున్నవాళ్ళకి వినపడలేదు," అంది ఆమె.

అతను తల దించుకునే మళ్ళీ చెప్పాడు, ఈసారి గట్టిగా. ఆమె ప్రతి అక్షరం విన్నది. తర్వాత హెల్మెట్ పెట్టుకుని తన రెండో విడతకు వెళ్ళింది. అతనికన్నా కాస్త వెనకబడింది. స్టీరింగు పట్టడంలో అతనిదే పైచెయ్యి. ఆమె దాన్ని ఎప్పుడూ కాదనలేదు.

తిరిగి వచ్చేసరికి మైదానం ఖాళీ అవుతోంది. డాక్టరు తన పసుపు కారు ఎప్పుడు తీసుకురమ్మంటావని అడిగాడు. వచ్చే వారం అత్తగారి షెడ్డుకు తెమ్మంది. తెల్ల కారును ఎక్కించిన లారీ ముందు సీట్లో భర్త ఒక్కడే కూర్చున్నాడు. అత్తగారు కోడలి దగ్గరికి వచ్చి, చేతి సంచి సర్దుకుంటూ తటపటాయించింది.

"వాడితో వెళ్తానే ఇవాళ. ఎంతైనా..."

"వెళ్ళండత్తయ్యా. నేనేం అనుకోను."

"నీకు తృప్తిగా ఉందా?"

"ఉంది," అంది ఆమె. అబద్ధం చెప్పాలనిపించలేదు.

ముసలావిడ తల ఊపి, లారీ మెట్టు ఎక్కలేక అవస్థ పడుతుంటే, కొడుకు కిందికి దిగి చెయ్యిచ్చి ఎక్కించాడు. ఎక్కించి, ఎర్ర బండి వైపు నాలుగడుగులు వేశాడు. "రేపు గ్యారేజీకి వస్తావా?" అని అడిగాడు. గొంతులో బతిమాలాట ఉంది. అతని నోట ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు.

"రాను. నా పనిముట్లు ఎవరి చేతైనా పంపించు."

అతను లారీ వైపు తిరిగి నడిచాడు. ఆ వెళ్ళే వీపును చూస్తూ, జాలి వేస్తుందేమోనని ఆమె కాసేపు కనిపెట్టుకుని ఉంది. వెయ్యలేదు. లారీ మలుపు తిరిగాక బానెట్టు ఎత్తి, ప్లగ్గులు ఒక్కొక్కటే తీసి ఎండలో పట్టుకుని చూసింది. నాలుగూ బాగున్నాయి. మళ్ళీ బిగించి, అద్దాలు దించుకుని, ఒంటరిగా ఇంటిదారి పట్టింది.